మైకులు వినని మోత

విమానం రెక్కకు స్టెతస్కోపు పెట్టి వినడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని చెబితే మా అక్క ఇప్పటికీ నవ్వుతుంది. "దానికేం రోగమే?" అంటుంది. ముప్పై మూడేళ్ళు బెంగళూరులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో, కొలత పరికరాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మొన్నామధ్య అక్కడ కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరచిపోలేనిది ఏదైనా చెప్పండి మేడం" అన్నారు. ఏదో అవార్డు సంగతి చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను. చెప్పాల్సింది అది కాదు, సూరత్ సంగతి. వాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పలేకపోయాను. అందుకే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకప్పుడు నలభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసులో మిగతావాళ్ళు వెళ్ళలేమన్న ఊరికల్లా నా పేరే రాసేవారు. "నీకేం, సూట్‌కేసు సర్దుకుంటే చాలు" అనేవారు. సూరత్‌కి మాత్రం నా అంతట నేనే వెళ్తానన్నాను. ఆ ప్రాజెక్టు మా పెద్దాయనది కాబట్టి. మా విభాగానికి అధిపతి ఆయన. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదీ, మీటరు ముల్లు చూసి నమ్మే ముందు మీటరు తీగలు చూడమని నేర్పిందీ ఆయనే. ఆ పాఠం నాకు సరిగ్గా అవసరమైన చోట గుర్తు రాలేదు.

ప్రాజెక్టు సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఎగిరే విమానం రెక్క మీద, రేకును ఆనుకుని పలచని గాలి పొర ఒకటి పారుతుంది. మొదట నునుపుగా పోతుంది. కొంత దూరం పోయాక చెదిరి సుడులు తిరుగుతుంది. ఆ చెదిరిన గాలి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడునే మేం డ్రాగ్ అంటాం. దాన్ని ఎదుర్కోవడానికి తగలబడే ఇంధనం తక్కువేమీ కాదు. రేకుకు కంటికి ఆనని రంధ్రాలు వేసి, అడుగున మందగించిన గాలిని లోపలికి కొద్దిగా పీల్చేస్తే పొర చెదరకుండా ఇంకొంత దూరం పోతుంది. ఇది పాత ఊహే. చిక్కల్లా ఎంత పీల్చాలన్నదే. ఎక్కువ పీలిస్తే, మిగిల్చిన ఇంధనాన్ని పీల్చే పంపే తాగేస్తుంది. తక్కువ పీలిస్తే గాలి చెదిరిపోతుంది.

మా పెద్దాయన ఆలోచన ఏమిటంటే, రేకులో అక్కడక్కడా బుల్లి మైకులు పెట్టాలి. గాలి చెదిరితే మోత పుడుతుంది. మోత వినగానే కంప్యూటర్ వాల్వు తెరిచి పీల్చడం పెంచాలి. సద్దుమణగగానే తగ్గించాలి. మనిషి చెయ్యి పడకూడదు. ఆ మైకులూ, వాల్వులూ, వాటి మధ్య నడిచే లెక్కా నా పని.

సూరత్ వెళ్ళింది రంధ్రాల కోసం. అంత సన్నని రంధ్రాలు వరసగా వేల కొద్దీ వెయ్యాలంటే లేజర్ కావాలి. వజ్రాలు కోసే లేజర్లు సూరత్‌లో కతర్‌గామ్ అనే పేట సందుల్లో ఉన్నాయి. అదే ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో విండ్ టన్నెల్, అంటే నమూనా రెక్క మీదికి ఫ్యాన్‌తో గాలి తోలి పరీక్షించే సొరంగం, ఖాళీగా పడి ఉంది. కతర్‌గామ్‌లో లేజర్ యజమాని, పెద్ద వయసు గుజరాతీ ఆయన, మా టైటానియం రేకును వజ్రం చూసే భూతద్దంలో చూసి, "బెన్, దీన్ని జల్లెడ చేసి ఏం జల్లిస్తారు?" అన్నాడు హిందీలో. బెన్ అంటే వాళ్ళ భాషలో చెల్లెమ్మ. "గాలి" అన్నాను. చాలాసేపు నవ్వాడు. కానీ రెండు నెలల్లో పని చేసిచ్చాడు. రేకును కిటికీ కేసి పట్టుకుంటే అటునుంచి మంచు పట్టినట్టు సన్నని వెలుగు వచ్చేది.

ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. ఒక జైన కుటుంబం ఇంట్లో మేడ మీద గది. ఉల్లిపాయ, వెల్లుల్లి తేకూడదన్నది షరతు. మంచివాళ్ళే. మెట్ల మీద ఎదురైతే "జై జినేంద్ర" అనేవాళ్ళు. నేనూ అనేదాన్ని. అంతటితో సంభాషణ అయిపోయేది. ఆదివారం బస్సెక్కి డుమస్ సముద్రతీరానికి వెళ్ళేదాన్ని. బండి దగ్గర టమాటా భజియాలు కొనుక్కుని, నల్లటి ఇసుకలో కుటుంబాల మధ్య కూర్చుని తినేదాన్ని. ఒకసారి ఒకావిడ తన చంటిపిల్లను చూస్తూ ఉండమని నాకు అప్పగించి నీళ్ళలోకి వెళ్ళింది. ఆ పిల్ల ఒళ్ళో ఉన్న పావుగంటా నాకు బాగుంది. ఆవిడ తిరిగొచ్చి తీసుకుపోయాక మాత్రం అక్కడ కూర్చోలేకపోయాను. ముందు బస్సుకే వచ్చేశాను.

టన్నెల్ దగ్గర ఒక మెకానిక్ ఉండేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళుగా అక్కడ టెంపరరీగానే ఉన్నాడు. మొదటి వారం నేను రీడింగులు రాసుకుంటూ పైకి తెలుగులో గొణుక్కుంటుంటే, ఫ్యాన్ గది నుంచి తల బయటపెట్టి, "మీరు తెలుగోళ్ళా మేడం?" అన్నాడు. వాళ్ళ నాయన తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి సూరత్ శివారు బమ్రోలిలో స్థిరపడ్డాడట. ఇతను సూరత్‌లోనే పుట్టాడు. వాళ్ళ తెలుగులో సగం హిందీ, కాస్త గుజరాతీ. అయినా తెలుగే. టన్నెల్ చల్లారే పదినిమిషాల్లో మాట్లాడుకునేవాళ్ళం. అతను వాళ్ళింటి సాంచాల గురించి చెప్పేవాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. నేను వినేదాన్ని. నా గురించి అడిగితే మాత్రం పని సాకు పెట్టి లేచేదాన్ని. ఆఫీసరునన్న బింకం ఒంటరితనం కంటే గట్టిది. అది నాకు అక్కడే తెలిసింది.

పరీక్షలు మొదలైన వారంలోనే ఫలితం వచ్చింది. పీల్చడం ఆపితే మైకుల్లో మోత. మొదలుపెడితే తగ్గేది. రెక్క వెనక సన్నని గొట్టాల వరస పెట్టి గాలి ఎంత వేగం కోల్పోయిందో కొలిస్తే డ్రాగ్ తెలుస్తుంది. వెనక కొలత అనేవాళ్ళం దాన్ని. అదీ తగ్గింది. సాయంత్రం నాలుగింటికి పెద్దాయన ఫోన్ చేస్తే చెప్పాను.  "ఈ మాట కోసం ఇరవై ఏళ్ళమ్మా" అన్నారు.

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి ఫోన్ వచ్చేది. రోజంతా నాతో తీరిగ్గా మాట్లాడే గొంతు అదొక్కటే. ఇవాళ ఏమిటమ్మా అనేవారు. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వెనక కొలతకు ఒక రోజు పూర్తిగా పట్టేది. ఆ రోజు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మైకులు నిశ్శబ్దమంటే డ్రాగ్ తగ్గినట్టేనని మొదటి వారంలోనే రుజువైంది కదా అనుకుని వెనక కొలత మానేశాను. ఒక రోజు కాదు, మూడు వారాలు. ఎవరూ అడగలేదు. అడగాల్సిన మనిషిని నేనే.

ఫలితాలు రోజురోజుకీ మెరుగయ్యాయి. నిన్నటి కంటే ఇవాళ తక్కువ పీల్చినా మైకులు నిశ్శబ్దంగా ఉన్నాయి. స్క్రీన్ మీద, ఎంత పీలుస్తున్నామో చూపే గీత మెట్లు దిగినట్టు కిందికి దిగుతోంది. అంతకు ముందు పదిహేనేళ్ళ సర్వీసులో వాడేకొద్దీ బాగుపడిన యంత్రాన్ని నేను ఒక్కదాన్నీ చూడలేదు. అయినా నాకు అనుమానం రాలేదు. ఫోన్‌లో పెద్దాయన గొంతు కూడా అలాగే రోజురోజుకీ చిన్నవాడి గొంతులా అవుతోంది మరి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం మెకానిక్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మేడం, జర టన్నెల్ కాడికి వస్తరా? సప్పుడు మారింది."

"ఏం చప్పుడు?"

"గాలి సప్పుడు. ముందుగాల సన్నగ వస్తుండె. ఇప్పుడు గర్‌మని గీకినట్టు వస్తుంది."

స్క్రీన్ చూశాను. "మైకులు ఏమీ వినడం లేదే."

"మైకులు ఇనకుంటే ఏంది మేడం, నాకు ఇనవడుతుంది గద. మా సాంచాల మీద పోగు తెగితే, కంటితోని సూడకముందే చెవికి తెలుస్తది."

"ఇది సాంచా కాదండీ" అన్నాను. అన్నప్పుడు నవ్వాను కూడా.

అతను నవ్వలేదు. "సరే మేడం" అని వెళ్ళిపోయాడు. వారం తర్వాత మళ్ళీ ఒకసారి అన్నాడు. ఈసారి నేను తల ఎత్తనే లేదు.

ప్రాజెక్టును కొనసాగించాలా వద్దా తేల్చడానికి కమిటీ ఒకటి ఢిల్లీ నుంచి వస్తోందని కబురొచ్చింది. నలుగురు. వాళ్ళతో పాటు పెద్దాయన. వాళ్ళకు చూపించడానికి తాజా వెనక కొలత ఒకటి ఉంటే బాగుంటుందని, వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు పొద్దున్నే కూర్చుని తీశాను. మర్నాడు మధ్యాహ్నానికి లెక్క కట్టాను. తప్పు చేశానేమోనని మళ్ళీ కట్టాను. పీల్చినా, పీల్చకపోయినా డ్రాగ్ ఒకటే. మైకులేమో నిశ్శబ్దం అంటున్నాయి.

మెకానిక్‌ను పిలిచాను. ఏమీ చెప్పకుండా కాగితం అతని ముందుకు తోశాను. అతను కాగితం వైపు చూడలేదు. వెళ్ళి ఒక పాత స్టెతస్కోపు పట్టుకొచ్చాడు. గుండెకు పెట్టే బిళ్ళ తీసేసి దాని బదులు సూదిలాంటి స్టీలు గొట్టం బిగించి ఉంది. గాలి ఎక్కడ చెదురుతోందో మా విద్యలో పాతవాళ్ళు అలాగే వినేవారు. నేను పుస్తకంలో చదివాను, అప్పటిదాకా ఎప్పుడూ చేయలేదు. అతను ఫ్యాన్ ఆన్ చేసి, పక్కనున్న సందులోంచి గొట్టం లోపలికి దూర్చి రెక్క మీద ముందు నుంచి వెనక్కి జరుపుతూ, "ఇనుండ్రి" అని చెవి గొట్టాలు నాకిచ్చాడు. రెక్క ముందు అంచున ఊపిరి వదిలినట్టు సన్నని శబ్దం. బెత్తెడు వెనక్కి జరిగేసరికి రైలు వంతెన మీద పోతున్నట్టు మోత. మైకులు సరిగ్గా ఆ మోత మధ్యలోనే ఉన్నాయి.

ఫ్యాన్ ఆపి ఒక మైకు విప్పాం. దాని ముందుండే సూదిమొనంత రంధ్రంలో బూడిదరంగు ముద్ద. వెనక షెడ్డులో టెక్స్‌టైల్ విభాగం వాళ్ళు చాన్నాళ్ళుగా మూలపడ్డ సాంచాలను మళ్ళీ నడుపుతున్నారు. ఆ నూగు కిటికీలోంచి వచ్చి, నూనె తడితో కలిసి మైకుల చెవులు మూసేసింది. వినబడక, మైకు అంతా ప్రశాంతం అంది. కంప్యూటర్ పీల్చడం తగ్గించింది. రేకు రంధ్రాలు కూడా సగానికి సగం పూడిపోయాయి. ఒక్క రోజులో బాగయ్యే పని కాదు.

"మీరు చెప్పారు" అన్నాను.

"గిప్పుడు ఏం చేద్దాం మేడం?" అన్నాడతను.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది.

"సార్, మూడు వారాల ఫలితాలు తప్పు. మైకులు మూసుకుపోయాయి."

పెద్దాయన అడిగింది ఒక్కటే. "తప్పు పద్ధతిదా, మైకుదా?"

"మైకుదే. నాది. వెనక కొలత మానేశాను."

"మొదటి వారంవి ఉన్నాయి కదా. అవి నిజమే కదా?"

"నిజమే సార్."

"రేపు ఆ కాగితాలిద్దాం. స్క్రీన్ నడిపించు. వాళ్ళు వెళ్ళాక కొత్త రేకు వేయించుకుందాం. అబద్ధం ఏముంది అందులో? ఇప్పుడు మైకులు మూసుకుపోయాయంటే ప్రాజెక్టే మూసేస్తారు. నా రిటైర్మెంటుకు ఇంక పదకొండు నెలలే ఉంది." ఆ తర్వాత అన్నారు, "నిన్ను నేను ఏనాడూ ఏమీ అడగలేదమ్మా."

అది నిజం. ఫోన్ పెట్టేశాక గదికి వెళ్ళి పప్పు వండుకుని, తినకుండా మూత పెట్టాను. సలహా అడగడానికి ఒక్క మనిషి పేరు కూడా తోచలేదు. ఇలాంటివి అడగదగిన మనిషి నాకు ఎప్పుడూ ఆయనొక్కరే.

మర్నాడు పదింటికి కమిటీ వచ్చింది. ఛైర్మన్ తెల్ల జుట్టాయన, నెమ్మదిగా మాట్లాడేవాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, నా వైపు చూసి తల ఊపారు. నేను స్క్రీన్ నడిపించాను. అవును, నడిపించాను. గీత మెట్లు దిగింది. అందరూ ముందుకు వంగి చూశారు. ఎవరూ వెనక కొలత అడగలేదు. అప్పుడు ఒక సభ్యుడు సరదాగా, "ఈ లెక్కన ఇంకో నెల నడిపితే అసలు పీల్చక్కర్లేకుండానే నునుపుగా పోయేట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాటలో మా తప్పంతా ఉంది, చెప్పినాయనకు తెలియదంతే. పెద్దాయనకు తెలుసు. తెలిసీ ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"సార్, ఆ గీత తప్పు" అన్నాను.

 నిన్నటి కాగితం ఛైర్మన్ చేతికిచ్చాను. మెకానిక్ నేను పిలవకుండానే స్టెతస్కోపు తెచ్చాడు. ఛైర్మన్ చెవులకు తగిలించి, గొట్టాన్ని రెక్క మీద జరిపాడు. పెద్దాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

ఛైర్మన్ స్టెతస్కోపు తీసి, "ఈ తప్పును ఎవరు పట్టుకున్నారు?" అని అడిగాడు.

మెకానిక్ నా పక్కనే, ఒక చెయ్యి దూరంలో ఉన్నాడు. అతని వైపు చూపిస్తే సరిపోయేది. కానీ అతనని చెబితే, ఎప్పుడు చెప్పాడని అడుగుతారు. మూడు వారాల్లో రెండుసార్లు చెప్పాడని, నేను నవ్వానని చెప్పాల్సొస్తుంది. అప్పటికే పోయిన పరువు చాలుననిపించింది.

"పరిశీలనలో బయటపడింది సార్" అన్నాను.

ఆఫీసు భాషలో ఈ సదుపాయం ఉంది. ఎవరు పరిశీలించారో చెప్పక్కర్లేదు. మీరు కూడా ఈపాటికి నేర్చుకునే ఉంటారు. ఛైర్మన్ నా భుజం తట్టి, కాలేజీ ప్రిన్సిపాల్‌తో, "ఇలాంటి మనిషిని వదులుకోకండి" అన్నాడు. "ఆవిడ వాళ్ళ మనిషి సార్, మా కాలేజీ కాదు" అన్నాడు ప్రిన్సిపాల్. ఇద్దరూ నవ్వుకున్నారు.

ప్రాజెక్టు మూసేశారు. భోజనాల దగ్గర పెద్దాయన నా పక్కనుంచి వెళ్తూ, "బాగా చెప్పావు" అన్నారు. అందులో కోపం ఉందో మెచ్చుకోలు ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత ఆయన నాతో ఫైళ్ళ మీద తప్ప మాట్లాడలేదు. పదకొండు నెలలకు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరితో పాటు నేనూ దండ వేశాను. వంగి వేయించుకున్నారు. ఈయన నాకు మాట్లాడటం నేర్పారు, ఇప్పుడు ఈయనతో నేనేం మాట్లాడాలో తెలియడం లేదు అనుకుంటూ వేదిక దిగి వచ్చేశాను. నా నిజాయితీని మెచ్చుకుంటూ బెంగళూరుకు ఇద్దరు ముగ్గురు ఉత్తరాలు కూడా రాశారు. జవాబు ఇవ్వలేదు.

ప్రాజెక్టు మూసేశాక సామాను సర్దడానికి సూరత్‌లో మూడు వారాలు ఉన్నాను. రెండో వారంలో టన్నెల్ షెడ్డుకు తాళం వేసి కనిపించింది. ప్రాజెక్టు లేదు కాబట్టి మెకానిక్ అక్కర్లేదని తీసేశారట. ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. తప్పు పట్టుకున్నది అతనేనని, అలాంటి చెవి ఉన్న మనిషి దొరకడని చెప్పాను. రాసి కూడా ఇచ్చాను. ఆయన కాగితం శ్రద్ధగా చదివాడు.

"ఈ మాట ఆ రోజు ఛైర్మన్ ముందు అనుంటే, దాన్ని పట్టుకుని నేను అతన్ని పర్మనెంట్ చేయించేవాణ్ణి మేడం. ఇప్పుడు ఈ కాగితం ఎవరికి చూపించను?" అన్నాడు.

బయల్దేరే ముందు రోజు బమ్రోలి వెళ్ళాను. అడ్రసు అడుగుతూ అడుగుతూ సందులన్నీ తిరిగాను. ఇంటి కింది భాగంలో సాంచాలు, పైన ఒక గది. సాంచాల మోతకు మెట్లు కూడా అదురుతున్నాయి. అతను భుజం మీద తువ్వాలుతో పైకొచ్చాడు. జుట్టు నిండా తెల్లటి నూగు. వాళ్ళావిడ, "కూసోండ్రి అక్కా" అని స్టూలు తుడిచి వేసి, చాయ్ పెట్టడానికి వెళ్ళింది.

రైలు ఎన్నింటికని అడిగాడు. చెప్పాను. సామానంతా పంపేశారా అన్నాడు. పంపేశానన్నాను.  టన్నెల్ దగ్గర నేను పని సాకు పెట్టి లేచేదాన్ని కదా, ఇక్కడ లేవడానికి ఏ పనీ లేదు.

"ఆ రోజు ఛైర్మన్ అడిగినప్పుడు..." అన్నాను.  "పట్టుకున్నది మీరని నేను చెప్పలేదు."

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"తెల్సు మేడం" అన్నాడు. "నేను ఆడ్నే ఉన్న గద."

కోపంగా అనలేదు. రైలు టైం అడిగినంత మామూలుగా అన్నాడు. వాళ్ళావిడ రెండు గ్లాసులు తెచ్చి మా మధ్య పెట్టింది. నేను గ్లాసు ముట్టుకోకపోవడం చూసి అతనే దాన్ని నా దగ్గరికి జరిపాడు.

"తాగుండ్రి, సల్లగైతది."

తాగాను.